రచ్చ గెలిచి ఇంట గెలిచింది

*బిడ్డ పుట్టాక సొంత దేశపు జట్టులో చోటు దొరకని సైబీరియా అమ్మాయి మూడు ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. మూడూ మరో దేశానికే.*

2014 ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం. సోచీ నగరానికి పైన, క్రస్నాయా పొల్యానా కొండల్లోని లౌరా స్టేడియం రష్యా జెండాలతో నిండిపోయింది. సొంతగడ్డ మీద శీతాకాల ఒలింపిక్స్ మొదలై రెండు రోజులే అయింది. అక్కడ ఆ సాయంత్రం మహిళల బయాథ్లాన్ స్ప్రింట్ జరిగింది. గెలిచిన అమ్మాయి పదికి పది తూటాలూ గురికి తగిలించింది, 7.5 కిలోమీటర్లను 21 నిమిషాల 6.8 సెకన్లలో ముగించింది. ఆమె పుట్టింది రష్యాలో. మంచు మీద నడక నేర్చింది, రైఫిల్ పట్టింది కూడా రష్యాలోనే. తల్లిదండ్రులిద్దరూ స్కీయర్లు. తమ్ముడు రష్యా జట్టుకు పెద్ద ఆశ. అయినా పతకం ఇచ్చేటప్పుడు వినిపించింది స్లోవేకియా జాతీయగీతం. రష్యాకు రజతం మిగిలింది. ఓల్గా విలుఖినా 19.9 సెకన్లు వెనకబడింది.

ఆ విజేత పేరు అనస్తాసియా కుజ్మీనా. పెళ్ళికి ముందు షిపులినా. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మన పెద్దలు. ఆమె విషయంలో వరుస తిరగబడింది. ముందు కెనడాలో గెలిచింది, నాలుగేళ్ళకు పుట్టినగడ్డ మీద, ఆ దేశపు ప్రేక్షకుల ముందే గెలిచింది.

ఈ కథను దేశద్రోహంగా చెప్పినవాళ్ళున్నారు, ప్రేమకథగా చెప్పినవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఇది ప్రధానంగా లెక్కల కథ అనిపిస్తుంది. ఒక దేశానికి మంచి ఆటగాళ్ళు అవసరానికి మించి ఉంటే వాళ్ళలో ఒకరి విలువ ఎంత? అదే మనిషి, అసలు ఎవరూ లేని దేశంలో అయితే ఎంత?

పరుగు ఒక చేత్తో, ప్రశాంతత ఒక చేత్తో

ముందు ఆట సంగతి. లంబసింగిలో పొగమంచును చూడటానికే తెల్లవారుజామున బండ్లు కట్టుకుని వెళ్ళే మనకు బయాథ్లాన్ కాస్త వింతగానే ఉంటుంది. వీపున కనీసం మూడున్నర కిలోల రైఫిల్ తగిలించుకుని, స్కీల మీద ఎత్తుపల్లాల్లో పరుగు తీయాలి. మధ్యలో రేంజ్ దగ్గర ఆగి 50 మీటర్ల దూరంలోని అయిదు గురులను కొట్టాలి. పడుకుని కాల్చేటప్పుడు గురి వ్యాసం 45 మిల్లీమీటర్లు, నిలబడి కాల్చేటప్పుడు 115. అప్పటికి గుండె నిమిషానికి నూటయాభైకి పైగా కొట్టుకుంటూ ఉంటుంది. ఊపిరి బిగబట్టాలి, కానీ ఒళ్ళు ఊపిరి అడుగుతుంటుంది. గాలి ఎటు వీస్తోందో చిన్న జెండాలను చూసి పసిగట్టాలి.

స్ప్రింట్‌లో గురి తప్పిన ప్రతి తూటాకూ 150 మీటర్ల పెనాల్టీ లూప్ అదనంగా తిరగాలి. అంటే సుమారు పాతిక సెకన్లు. పతకాలు తేలేది తరచూ అంతకంటే తక్కువ తేడాతో కాబట్టి, ఒక్క తప్పుతో రెండు మూడు స్థానాలు చేజారిపోతాయి.

నార్వే సైన్యపు స్కీ గస్తీ దళాల అలవాటు నుంచి పుట్టిన ఆట ఇది. పురుషులకు 1960లోనే ఒలింపిక్స్‌లో చోటు దొరికింది. మహిళలు 1992 దాకా ఆగాల్సి వచ్చింది. సోవియట్ కాలంలో సైన్యం, క్రీడా సంఘాలు కలిసి ఈ ఆటకు గట్టి పునాది వేశాయి. ఆ పునాది బలంగా నిలిచిన చోట్లలో పశ్చిమ సైబీరియా ఒకటి. చమురు, సహజవాయువు డబ్బు, నెలల తరబడి కరగని మంచు, పాఠశాల వయసులోనే పిల్లలను పట్టే శిక్షకులు అక్కడున్నారు. 1586లో పుట్టిన తుమెన్, సైబీరియాలో రష్యన్లు కట్టిన తొలి పట్టణం. అనస్తాసియా 1984 ఆగస్టు 28న అక్కడే పుట్టింది. తమ్ముడు ఆంటన్ మూడేళ్ళు చిన్న, అతడిదీ ఆగస్టే. అక్కా తమ్ముడూ స్కీలు కట్టుకుని పెరిగారు. ఇద్దరూ బయాథ్లాన్‌లోకి వచ్చారు.

2007లో ఇద్దరు తల్లులు

రష్యా జూనియర్ జట్టులో పేరు తెచ్చుకుని, ప్రపంచ కప్‌లోనూ అప్పుడప్పుడే అడుగు పెడుతున్న దశలో అనస్తాసియాకు దానియెల్ కుజ్మిన్‌తో పెళ్ళయింది. అతడూ స్కీయరే, ఇజ్రాయెల్ తరఫున పోటీ పడినవాడు. స్లోవేకియాలోని బాన్స్కా బిస్ట్రిట్సా పట్టణంలో ఉండేవాడు. 2007లో వాళ్ళకు కొడుకు పుట్టాడు. పసివాణ్ణి ఎత్తుకుని మళ్ళీ సాధన మొదలుపెట్టిన ఆమెకు రష్యా జట్టులో చోటు ఖాళీ కనిపించలేదు.

ఇక్కడ ఒక్క మాట. బిడ్డ పుట్టిందని రష్యా ప్రతి అమ్మాయినీ పక్కన పెట్టేసిందనుకుంటే పొరపాటే. అదే 2007లో ఓల్గా జైత్సేవాకూ కొడుకు పుట్టాడు. జైత్సేవా అప్పటికే 2006 టురిన్ రిలే స్వర్ణ విజేత. తిరిగి వస్తానంటే జట్టు తలుపు తెరిచే ఉంచింది. ఆమె వచ్చింది, గెలిచింది కూడా. అంటే ఇద్దరినీ వేరు చేసింది తల్లి కావడం కాదు. ఒకరి దగ్గర పతకం ఉంది, మరొకరి దగ్గర లేదు. పతకం ఉన్న తల్లి కోసం దేశం ఆగింది. రాబోయే పతకాన్ని ఊహించుకుని ఆగాల్సిన అవసరం దానికి కనిపించలేదు, ఎందుకంటే వరుసలో మరో పదిమంది అమ్మాయిలు నిలబడి ఉన్నారు. క్రూరంగా అనిపించినా, రష్యా అధికారుల కుర్చీలో కూర్చుని చూస్తే ఆ లెక్క తప్పు కాదు. పెద్ద జట్లన్నీ అలాగే లెక్కేస్తాయి.

స్లోవేకియా లెక్క వేరు. చెకోస్లొవేకియా రెండయ్యాక, 1993 జనవరి 1న పుట్టిన దేశం అది. జనాభా 54 లక్షలు, 2011 లెక్కల ప్రకారం హైదరాబాద్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ఆ దేశానికి బయాథ్లాన్ కొత్త కాదు. ఒస్ర్‌బ్లియే గ్రామం దగ్గరి కేంద్రంలో 1997 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. పర్వతాలున్నాయి, మంచుంది, రేంజ్ ఉంది. ప్రపంచ స్థాయిలో ముందు వరుసలో పరిగెత్తే మనిషే కావాలి. 2008లో పౌరసత్వం ఇచ్చారు. యురాయ్ సనిత్రా శిక్షణలో కొత్త చొక్కాతో ఆమె బరిలోకి దిగింది.

పుట్టినిల్లు విడిచి మెట్టినింటికి వెళ్ళిన కథ కదా అనుకోవచ్చు. అదీ పూర్తిగా కాదు. భర్త పోటీ పడింది ఇజ్రాయెల్‌కు, కాపురం పెట్టింది స్లోవేకియాలో. ఇద్దరికీ అది పుట్టిన ఊరు కాదు. బతుకు కుదిరిన చోటు, ఆట సాగిన చోటు, అంతే.

కొత్త జట్టుతో తొలి పెద్ద పరీక్ష 2009 ఫిబ్రవరిలో, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్. మాస్ స్టార్ట్‌లో కుజ్మీనాకు రజతం. స్వర్ణం రష్యాకు వెళ్ళింది, దాన్ని తెచ్చింది జైత్సేవా. 2007లో తల్లులైన ఇద్దరూ ఒకే పోడియం మీద పక్కపక్క మెట్లెక్కారు.

ఒకటిన్నర సెకను

మరుసటి ఏడాది వాంకోవర్ ఒలింపిక్స్. 2010 ఫిబ్రవరి 13న విస్లర్‌లో స్ప్రింట్. ఆనాటికి ఈ ఆటకు రాణి జర్మనీ అమ్మాయి మగ్దలేనా నాయ్‌నర్. కుజ్మీనా ఒక తూటా తప్పింది, నాయ్‌నర్ కూడా ఒకటే. గీత దాటాక చూస్తే 1.5 సెకన్ల తేడాతో స్వర్ణం కుజ్మీనాది. స్వతంత్ర స్లోవేకియాకు శీతాకాల ఒలింపిక్స్‌లో అదే తొలి స్వర్ణం. అంతకుముందు 1972లో బ్రటిస్లావా కుర్రాడు ఒండ్రేయ్ నెపేలా ఫిగర్ స్కేటింగ్‌లో గెలిచాడు గానీ, అది చెకోస్లొవేకియా ఖాతాలో పడింది. మూడు రోజులకు పర్స్యూట్‌లో కుజ్మీనాకు రజతం కూడా వచ్చింది, ఈసారి నాయ్‌నర్ వెనక.

ఆ స్ప్రింట్‌లో నాలుగో స్థానం ఎవరిదో కూడా చెప్పుకోవాలి. రష్యా అమ్మాయి అన్నా బులీగినా. పోడియంకు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. ఆమె పేరు ఈ కథలో మళ్ళీ వస్తుంది.

వాంకోవర్‌లో రష్యాకు మొత్తం మూడే స్వర్ణాలు. నాలుగేళ్ళలో సొంతగడ్డ మీద ఒలింపిక్స్ పెట్టుకున్న దేశానికి అది తల కొట్టేసినట్టయింది. అధ్యక్షుడు మెద్వెదేవ్ అధికారుల రాజీనామాలు కోరేదాకా వెళ్ళింది వ్యవహారం. అలాంటి వేళ తుమెన్ అమ్మాయి మరో జెండా కింద స్వర్ణం గెలవడం ఎంత గుచ్చుకుని ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ పశ్చిమ సైబీరియాలోని ఖాంతీ-మాన్సీస్క్‌కే వచ్చింది. అక్కడా స్ప్రింట్‌లో ఆమెకు కాంస్యం దక్కింది.

సోచీలో ఒక జిల్లా లెక్క

సోచీలో కుజ్మీనా గెలుపు గురించే అందరూ మాట్లాడుకున్నారు. నన్ను ఆపేసింది మాత్రం పూర్తి పట్టిక. ఆ ఒలింపిక్స్‌లో మహిళల వ్యక్తిగత బయాథ్లాన్ పోటీలు నాలుగు. స్ప్రింట్ కుజ్మీనా గెలిచింది. మిగతా మూడూ, పర్స్యూట్, 15 కిలోమీటర్ల ఇండివిడ్యువల్, మాస్ స్టార్ట్, బెలారస్‌కు చెందిన దార్యా దొమ్రాచెవా గెలిచింది. దొమ్రాచెవా పుట్టింది మిన్స్క్‌లోనే గానీ పెరిగింది న్యాగన్ అనే చమురు పట్టణంలో. స్కీలు కట్టింది, బయాథ్లాన్ నేర్చింది అక్కడే. 2004లో బెలారస్‌కు వెళ్ళింది. ఆ న్యాగన్, కుజ్మీనా పుట్టిన తుమెన్, రెండూ ఒకే తుమెన్ ప్రాంతం పరిధిలోవి.

మరోసారి చూడండి. రష్యా సొంతంగా నిర్వహించిన ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత స్వర్ణాలూ రష్యాలోని ఒకే ప్రాంతంలో ఆట నేర్చుకున్న ఇద్దరికి దక్కాయి. రష్యాకు ఒక్కటీ రాలేదు. శిక్షకులు బాగా నేర్పారు, పిల్లలు బాగా నేర్చుకున్నారు. నేర్చుకున్నవాళ్ళలో ఎవరిని తమవాళ్ళుగా నిలుపుకోవాలో తేల్చే దగ్గరే లెక్క తప్పింది. దొమ్రాచెవాది పుట్టిన దేశానికి తిరుగు ప్రయాణం, కుజ్మీనాది కొత్త దేశానికి ప్రయాణం, రెంటినీ ఒకే గాటన కట్టలేం. అయినా నష్టం రాసుకున్న పుస్తకం ఒక్కటే.

ఆ సోచీలోనే తమ్ముడు ఆంటన్ కథ కూడా నడిచింది. అక్క గెలవడానికి ఒక రోజు ముందు, ఫిబ్రవరి 8న పురుషుల స్ప్రింట్‌లో అతడు నాలుగో స్థానంలో నిలిచాడు. కాంస్యం 0.7 సెకన్లతో పోయింది. చివరి రోజుల్లో రిలేలో ఆఖరి లెగ్ పరిగెత్తి రష్యాకు స్వర్ణం తెచ్చాడు. ఒకే ఒలింపిక్స్‌లో అక్క ఒక దేశానికి, తమ్ముడు మరో దేశానికి స్వర్ణం తెచ్చారు. తుమెన్‌లోని ఆ తల్లిదండ్రులు ఏ జెండా పట్టుకోవాలో ఎవరు చెప్పగలరు? అయితే ఆ రిలే స్వర్ణం నిలవలేదు. జట్టులోని ఎవ్‌గేనీ ఉస్త్యుగోవ్ డోపింగ్ కేసులో ఏళ్ళ తర్వాత ఫలితమే రద్దయింది. జైత్సేవా సోచీ ఫలితాలూ డోపింగ్ ఉల్లంఘన కారణంగానే కొట్టివేతకు గురయ్యాయి.

ఇచ్చిపుచ్చుకోవడం

దేశం మారడాన్ని రష్యా ఒక వైపు నుంచే చూసిందనుకోవద్దు. అదే సోచీలో షార్ట్ ట్రాక్ స్కేటింగ్‌లో రష్యాకు మూడు స్వర్ణాలు తెచ్చిన విక్టర్ ఆన్ అసలు పేరు ఆన్ హ్యున్-సూ. 2006లో దక్షిణ కొరియాకు మూడు స్వర్ణాలు తెచ్చినవాడు అతడే. అక్కడ గాయాలూ సమాఖ్యతో గొడవలూ పెరిగాక రష్యా పౌరసత్వం తీసుకున్నాడు. వాంకోవర్‌లో నాలుగో స్థానంలో ఆగిన అన్నా బులీగినా తర్వాత పెళ్ళి చేసుకుని ఫ్రోలీనా అయింది, దక్షిణ కొరియా పౌరురాలైంది, 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ స్ప్రింట్‌లో కొరియా తరఫున అయిదో స్థానం తెచ్చింది. రష్యాలో జట్టు నిండిపోయినవాళ్ళకు 2018లో ఒలింపిక్స్ పెట్టబోతున్న కొరియా తలుపు తీసింది. పదిమందికి పైగా విదేశీయులు ఆ ఒలింపిక్స్‌కు కొరియా చొక్కా తొడుక్కున్నారు.

దీనికో నిబంధన ఉంది. ఒక దేశం తరఫున ఒలింపిక్స్ వంటి పెద్ద పోటీల్లో పాల్గొన్నవాళ్ళు మరో దేశానికి ఒలింపిక్స్ ఆడాలంటే మామూలుగా మూడేళ్ళు ఆగాలి, సంబంధిత సమాఖ్యలు ఒప్పుకుంటే ఆ గడువు తగ్గుతుంది. పౌరసత్వం తప్పనిసరి. మన దగ్గర తలుపు ఇంకా ఇరుకు. భారత్ రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఓసీఐ కార్డున్నా భారత జట్టుకు ఆడటానికి వీల్లేదని 2008లో కేంద్రం తేల్చేసింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన తెలుగు అమ్మాయి రాకెట్ పట్టి భారత్‌కు ఆడాలనుకుంటే అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. ఎంతమంది తల్లిదండ్రులు దానికి ఊ అంటారో నాకు అనుమానమే. ఆ నిబంధన వెనక న్యాయం లేదని అనను, కానీ చిన్న దేశాలు ఎదిగిన దారి ఇది కాదు.

మళ్ళీ ప్యాంగ్‌చాంగ్

సోచీతో బయాథ్లాన్‌లో వ్యక్తిగత స్వర్ణాన్ని నిలబెట్టుకున్న తొలి మహిళ అయింది కుజ్మీనా. ఆ తర్వాత విరామం తీసుకుంది, 2015లో కూతురు పుట్టింది. ఈసారి తిరిగి వస్తానంటే చోటుందా అని అడగాల్సిన పని లేదు. చోటు ఆమెదే. 2018లో ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌కు 33 ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లిగా వెళ్ళింది.

తమ్ముడికి అదీ దక్కలేదు. రష్యాలో ప్రభుత్వ అండతో జరిగిన డోపింగ్ బయటపడ్డాక, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఆహ్వానించినవాళ్ళే తటస్థ జెండా కింద రావాలని షరతు పెట్టింది. ఆంటన్ షిపులిన్ ఏ పరీక్షలోనూ దొరకలేదు. అయినా జాబితాలో అతడి పేరు లేదు. విక్టర్ ఆన్ పేరు కూడా లేదు. ఇద్దరూ క్రీడా న్యాయస్థానం మెట్లెక్కారు. ప్రారంభోత్సవం నాడే, ఫిబ్రవరి 9న, అప్పీళ్ళు కొట్టేశారు. అదే ఏడాది డిసెంబరులో ఆంటన్ ఆటకు వీడ్కోలు చెప్పాడు. 2019లో రష్యా పార్లమెంటు దిగువ సభ డూమాకు ఎన్నికయ్యాడు.

అక్క ముందుచూపుతో దేశం మారి బయటపడిందని దీన్ని తిప్పి చెప్పడం తేలిక. కానీ 2008లో చంటిబిడ్డతో సరిహద్దు దాటిన అమ్మాయికి పదేళ్ళ తర్వాతి కుంభకోణం తెలిసే దారే లేదు. ఇద్దరూ తమకు అందుబాటులో ఉన్న దారినే పట్టారు.

ప్యాంగ్‌చాంగ్‌లో మొదటి పోటీ స్ప్రింట్‌లో ఆమె 13వ స్థానంలో నిలిచింది. మూడోసారి స్ప్రింట్ స్వర్ణం ఆశ అక్కడితో పోయింది. పర్స్యూట్‌లో ఆ 13వ స్థానం నుంచే బయలుదేరి రజతం దాకా వచ్చింది. 15 కిలోమీటర్లలో ఇంకో రజతం. ఫిబ్రవరి 17న మాస్ స్టార్ట్. అందరూ ఒకేసారి బయలుదేరే 12.5 కిలోమీటర్ల పోటీ, నాలుగు విడతల కాల్పులు, ఇరవై తూటాలు. పందొమ్మిది తగిలాయి. చివరి విడతలో ఒకటి తప్పింది. ఒక పెనాల్టీ లూప్ తిరిగి బయటికి వచ్చేసరికి కూడా ముందున్నది ఆమే. 18.8 సెకన్ల తర్వాత వచ్చింది దొమ్రాచెవా. తుమెన్ ప్రాంతంలో పెరిగిన ఇద్దరే మళ్ళీ మొదటి రెండు స్థానాల్లో నిలిచారు, ఈసారి కూడా వేరే దేశాల పేర్ల మీద. 2009లో స్లోవేకియాకు ఆమె తొలి పతకం తెచ్చింది ఈ రేంజ్‌లోనే, ఈ పోటీలోనే. వరుసగా మూడు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన బయాథ్లీట్ అంతకుముందు ఎవరూ లేరు.

ఆ ఒలింపిక్స్‌లో స్లోవేకియాకు వచ్చిన పతకాలు మూడు. మూడూ ఆమెవే. అదే సీజన్‌లో ప్రపంచ కప్ మాత్రం కేవలం 3 పాయింట్ల తేడాతో ఫిన్లాండ్‌కు చెందిన కైసా మకరాయినెన్‌కు దక్కింది. 2019 మార్చిలో స్వీడన్‌లోని ఓస్టర్‌సుండ్‌లో, 34 ఏళ్ళ వయసులో, స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యింది. మూడు ఒలింపిక్స్ స్వర్ణాలు అల్మారాలో ఉన్న మనిషికి ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం మొదటిసారి దొరికింది అప్పుడు. ఆ సీజన్ ముగియగానే రిటైర్మెంట్ ప్రకటించింది.

2022 మార్చిలో, ఉక్రెయిన్ మీద దాడి తర్వాత, అంతర్జాతీయ బయాథ్లాన్ సమాఖ్య రష్యా, బెలారస్ ఆటగాళ్ళకు పోటీల తలుపులు మూసింది. తుమెన్‌లో సాధన చేస్తున్న పిల్లలకు అంతవరకూ జట్టులో చోటు దొరుకుతుందా అన్నదే ప్రశ్న. ఆ రోజుతో అసలు ప్రపంచ కప్‌లో నిలబడే వీలే లేకుండా పోయింది. దానికి నెల ముందే బీజింగ్‌లో పెట్రా వ్లహోవా స్లాలమ్ స్కీయింగ్‌లో గెలిచింది. స్లోవేకియాలో పుట్టిన మనిషి స్వతంత్ర స్లోవేకియాకు తెచ్చిన తొలి శీతాకాల ఒలింపిక్స్ స్వర్ణం అది.